సోంబరు బదుళ్లు

అరకు దాటి లోపలికి వెళ్తే, జీపు ఆగిపోయే చోటి నుంచి కొండెక్కాలి. ఆ పైనున్న ఊళ్లో సోంబరుంటాడు. యాభై దాటిన మనిషి. భార్య జ్వరమొచ్చి పోయి చాన్నాళ్లయింది, పిల్లలు లేరు. ఎకరం చోడి చేను, అంటే రాగి చేను, దాని పైన కాసిని కాఫీ మొక్కలు, సిమెంటు ఇల్లు. సర్వేకొచ్చినవాళ్లు ఇవన్నీ చూసి, ఈయనకేం లోటు అనుకుని పక్కింటికి పోతారు. పేదరికాన్ని గుమ్మంలో నిలబడి కొలిచేవాళ్లతో నాకు మొదట్నుంచీ పడదు. లోపలికెళ్లి గాదె మూత తీస్తే తెలిసేది. ఎండలు ముదరకముందే అది ఖాళీ. ఆ తర్వాత ఆయన రేషన్ బియ్యంతో, అడవి దుంపలతో ఎలాగో నెట్టుకొచ్చేవాడు.

చేను పండక కాదు. కోసే చేతులు లేక సగం పిట్టల పాలయ్యేది, సగం నేల రాలేది.

ఆ ఊళ్లో కోతలు బదులు మీద నడుస్తాయి. కూలి డబ్బుల ఊసుండదు. ఇవాళ ఊరంతా వచ్చి నీ చేను కోస్తే, నువ్వు వెళ్లి వాళ్లందరి చేలూ కోసి బదులు తీర్చాలి. ఎన్నాళ్ల బదులైనా ఒక్క కోతతో చెల్లినట్టే. ఎవరి చేను కోస్తుంటే వాళ్లే తెల్లవారుతూనే ఇంటింటికీ వెళ్లి పిలుస్తారు, మధ్యాహ్నం అందరికీ అంబలి పోస్తారు. సోంబరు తనని పిలిచిన ప్రతి చేలోకీ వెళ్లేవాడు. తన చేలోకి మాత్రం ఒక్కరినీ పిలిచేవాడు కాదు. సాయంత్రం మిగిలిన కాస్త వెలుగులో ఒక్కడే నాలుగు వెన్నులు కోసుకునేవాడు. ఒంటి మగాడు కదా, అంబలి కాచేవాళ్లు లేక మొహమాటపడుతున్నాడని ఊరు జాలిపడింది. జాలిపడి ఊరుకుంది. పిలవని పనికి ఎవరు మాత్రం వెళ్తారు?

ఈ ఏడు కోతల వేళకి తుఫాను కబురొచ్చింది. అప్పుడే హేమలత ఆ ఊరొచ్చింది. పక్క పంచాయతీ పిల్ల, మహిళా సంఘాల పని మీద తిరుగుతుంటుంది. నిలువునా పండి ఉన్న సోంబరు చేను చూసి ఆమె మిగతా పని వదిలేసింది. నేరుగా ఆయన ఇంటికే వెళ్లింది.

"ఏటి సిన్నానా, ఊరందరి కోతలూ అయిపోతన్నాయి. నీ సేను అలాగే ఉందేటి?"

"అయిపోద్దిలే గుంటా."

"ఒక్కడివీ ఎప్పటికి కోత్తావు? రేపో మాపో వానంట. ఊరంతా నీకు బదులున్నారు కదా, పిల్నావంటే బేగి వత్తారు."

సోంబరు కొడవలి అంచు బొటనవేలితో తడిమి చూసుకుంటూ కూర్చున్నాడు.

"పిల్తే వత్తారు. కోసెత్తారు. బదులు తీరిపోద్ది. తీరిపోయాక నా గుమ్మం కాడ ఆగడానికి ఆలకి ఏటి పని?"

హేమలతకి అప్పుడు అర్థమైంది. ఈయన ఇన్నాళ్లూ మొహమాటపడలేదు, భయపడ్డాడు. ఊరు తనకి బాకీ ఉన్నంతకాలం ఊరు తనదే అనుకున్నాడు. మధ్యాహ్నం అందరితో కలిసి వరసలో కూర్చుని తాగే ఆ డొప్పెడు అంబలి కోసం ఏడాదికి సరిపడా తిండిని వదులుకున్నాడు. ఆమెకి కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ వాన ఆగదు, వేసవిలో ఆకలీ ఆగదు. ముందు గింజ ఇంటికి చేరాలి, మిగతావి తర్వాత చూసుకోవచ్చనుకుని తనే ఇంటింటికీ వెళ్లి పిలిచింది. తప్పని నేననను. నేనైనా అదే చేద్దును.

మర్నాడు ఊరు ఊరంతా కదిలొచ్చింది. ఆడవాళ్లు ఎవరి అంబలి కుండ వాళ్లే తెచ్చుకున్నారు. సోంబరు ఆ కుండలన్నీ లాక్కుని, అందరికీ తనే వంగి వంగి పోశాడు. వద్దన్నవాళ్లకి కూడా పోశాడు. ఆ రోజు ఆయన నవ్వడం ఊరంతా చూసింది. పొద్దు వాలకముందే పంట ఇల్లు చేరింది. ఆ వెనకే వాన పడింది. ఒక్క గింజ తడవలేదు.

వాన వెలిశాక కాఫీ పళ్లు కోతకొచ్చాయి. ఆ కోతలూ బదులు మీదే. తెల్లవారుతూనే సోంబరు బుట్ట తగిలించుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఆ రోజు తోట సుక్రుది. కింది వీధి కుర్రాడు, సోంబరుని మావా అంటాడు. ఇంటింటికీ పిలుపు చెప్పుకుంటూ వచ్చి సోంబరు ముందు ఆగాడు.

"నువ్వు రాకు మావా. నీ బదులు తీరిపోయింది కదా. ఇన్నాళ్లు అందరికీ సాకిరీ సేసినావు, ఇకనైనా ఒళ్లు దాసుకో."

ప్రేమతోనే అన్నాడు. ఆ తర్వాత పిలుపుకొచ్చిన వాళ్లూ అదే ప్రేమతో ఆయన గుమ్మం దాటిపోయారు. సోంబరు తన నాలుగు కాఫీ మొక్కలూ తనే కోసుకున్నాడు. మధ్యాహ్నాలు ఇంట్లోనే అంబలి తాగేవాడు. ఎండాకాలం వచ్చింది, గాదెలో చోళ్లు తరగలేదు. హేమలత వచ్చి గాదె చూసి మురిసిపోయి వెళ్లింది. కడుపు నిండిన మనిషికి దిగులేమిటని మనకనిపిస్తుంది. ఆయన మాత్రం చిక్కిపోయాడు, ఆకలి రోజుల్లో కూడా అంత చిక్కలేదు.

దుక్కులు మొదలయ్యే ముందు ఒకరోజు సోంబరు బుట్ట నిండా చోళ్లు పోసుకుని ఊళ్లోకి బయల్దేరాడు. విత్తనాలకి ఎవరికైనా కావాలా, అప్పుగా తీసుకోండి అని ఇల్లిల్లూ అడిగాడు. ఈ ఏడు అందరి కోతలూ వానకి ముందే అయ్యాయి, ఎవరి గాదెలూ ఖాళీగా లేవు. మాకూ ఉన్నాయి, అక్కర్లేదు అన్నారందరూ. అది సంతోషించాల్సిన సంగతే. బుట్ట మాత్రం అలాగే నిండుగా సుక్రు ఇంటి దాకా వచ్చింది.

సుక్రు ఇంట్లోనూ చోళ్లకి కొదవ లేదు. ఆ మాటే చెప్పబోయాడు. వాకిట్లో బుట్ట దించకుండా నిలబడ్డ సోంబరు మొహం చూసి ఆగిపోయాడు. లోపలికెళ్లి ఖాళీ చేట పట్టుకొచ్చాడు.

"ఓ కుంచెడు పొయ్యి మావా. కొత్త పంట ఇంటికి రాగానే తీర్సెత్తాను."

సోంబరు చేట పొర్లిపోయేదాకా పోశాడు. కింద పడ్డ గింజలు ఏరుతూ అన్నాడు.

"తొందరేటి నేదురా. బేగి తీర్సకు."