తలకిందులుగా నాటిన రాయి

మొన్న మనవరాలు భూగోళం పాఠం చదువుతూ, ఏటవాలుగా నిక్కిన రాతిగుట్టలను పందివీపు గుట్టలంటారనీ, ఎక్కడో చలిదేశంలో చెక్కిన పాత సమాధిరాళ్లకు కూడా అదే పేరనీ చెప్పి బొమ్మలు చూపించింది. గుట్టా గోరీ పక్కపక్కన కనబడేసరికి ఎప్పుడో నేను నాటిన రాయి గుర్తొచ్చింది. మన ఈడువాళ్లలో ఆ రోజుల్లో దుబాయ్ వెళ్లినవాళ్లుంటే నా బాధ వాళ్లకు తెలుస్తుంది.

డెబ్బయ్యో దశకం చివర, దుబాయ్‌కు అవతల ఫుజైరా వైపు కొండలు తొలిచి రోడ్డు వేస్తున్నాం. కరీంనగర్ జిల్లా నుంచి రాళ్లు కొట్టడానికి వెళ్లిన నాకు కడప సాయిబు ఒకడు జోడీ. వాడు ఉలి పట్టుకుంటే నేను సమ్మెట వేసేవాణ్ణి. దెబ్బ తప్పితే వాడి మణికట్టు పోతుంది, అయినా మూడేళ్లలో ఒక్కనాడూ వాడు భయపడి నా చేతికేసి చూడలేదు. అలాంటివాణ్ణి ఒక పొద్దున చరియ జారి మింగేసింది. వాగుపక్కన, ఆ ఊరివాళ్ల గోరీల నడుమ పూడ్చి, తలవైపొకటి, కాళ్లవైపొకటి మొండిరాళ్లు నిలబెట్టి వచ్చాం.

నాకు ప్రాణం ఒప్పలేదు. మా రాళ్లు కొట్టేవాళ్లలో, పోయినవాడికి సూర్యచంద్రులు చెక్కిన రాయి జోడీయే నాటాలి. శుక్రవారం సెలవునాడు పొద్దుటినుంచీ కూర్చుని చెక్కి, తలవైపు మొండిరాయి పీకి, దాన్ని నాటాను. అక్కడ గోరీల మీద బొమ్మలు కూడదన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టనేలేదు.

మన్ను కూరానో లేదో, ఆ గోరీలను చూసుకునే అరబ్బు ముసలాయన వచ్చాడు, వెనకే మా నెల్లూరు ఫోర్‌మన్ రొప్పుకుంటూ.

“ఏందిరా నువ్వు చేసిన పని? కంపెనీ ముదీర్‌కు తెలిస్తే నీ పని ఖలాస్, జైలుకే పోతావు!”

ముసలాయన నా సమ్మెట అందుకున్నాడు. అబద్ధమెందుకు, జైలుకన్నా ఆ రాయి పగులుతుందన్న భయమే ఎక్కువైంది. పోయినవాడు నీకేమవుతాడని ఫోర్‌మన్ చేత అడిగించాడు. నా జోడీ అన్నాను.

ఆయన సమ్మెట కింద పెట్టాడు. తానూ ఒక చేయి వేసి రాయిని పెకలించి, తలకిందులుగా తిరగేసి, సూర్యచంద్రులు మట్టిలోకి పోయేలా నాటించాడు. వెళ్తూ వెళ్తూ ఏదో అన్నాడు. పైన తిరిగేవాళ్లకు బొమ్మెందుకు, కిందున్నవాడు చూసుకుంటే చాలు అన్నాడని ఫోర్‌మన్ కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. నేనక్కడే కూలబడి పసివాడిలా ఏడ్చాను.

దుబాయ్ పక్కనున్న జెబెల్ అలీలో పనిచేసే మా అల్లుడు ఈమధ్య అటు వెళ్లి వీడియో తీసి పంపాడు. మేం నెలలకొద్దీ తొలిచిన చోట కార్లు రివ్వున పోతున్నాయి, ఎవరూ గుట్టవైపు తలెత్తరు. వాగుపక్కన అన్నీ ఒకేలాంటి మొండిరాళ్లు. ఫోర్‌మన్ పోయాడు, ముసలాయన ఎప్పుడో పోయే ఉంటాడు. వాటిలో ఒక రాయికి తల కింద ఉందని ఎరిగినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే.