సొంత మీసం

శింగనమల చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఏళ్లు రాజు వేషం కట్టాను. నేను రంకె వేస్తే పెట్టుడు మీసం చెమటకు ఊడి పెదవి మీద వేలాడేది, జనం ఈలలు వేసేవాళ్లు. మద్రాసులో సినిమా వేషం దొరికినప్పుడు డైరెక్టరు పెట్టుడు మీసం వద్దన్నాడు. కెమెరా దగ్గరికొస్తే జిగురు కనబడుతుందట. సొంతంగా పెంచాను. హీరోకు అన్నగా వేషం, కథ చివరిదాకా ఉండే పాత్ర. అలాంటిది మళ్లీ దొరకదని నాకు తెలుసు.

షూటింగ్ సగంలో ఉండగా నాయన పోయాడని టెలిగ్రాం వచ్చింది. ప్రొడక్షన్ మేనేజరు రైలు దాకా వచ్చి, "జుట్టు, మీసం జాగ్రత్తండీ. తీసేశారంటే మీ వేషం గోవిందా," అని మరీ చెప్పాడు. ఇంట్లో కొడుకును నేనొక్కడినే.

కర్మ రోజు వంకలో చుక్క నీళ్లు లేవు, బిందెలతో మోసుకుపోయాం. మంగలి కత్తి నూరుతున్నాడు. "కూచో అప్పా, ఎండెక్కుతాండాది," అన్నాడు చిన్నాయన. నా మీసం సంగతి అక్కడ ఒక్కరికీ తెలియదు. చెబితే మొహాన ఉమ్మేవాళ్లే. ఇలాంటి చిక్కు వస్తే నేను అడిగేది నాయననే, ఆయనేమో లేడు. తల వంచాను. కత్తి మీసం మీదికి రాగానే వెక్కివెక్కి ఏడ్చాను. అందరూ నాయన కోసమే అనుకున్నారు. సగం నిజమే.

మద్రాసులో డైరెక్టరు నా గుండు చూసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అతికించుకుంటాను సార్, నాకు అలవాటే," అన్నాను. "ఇది నాటకం కాదయ్యా," అని లోపలికి వెళ్లిపోయాడు. నా పాత్రను ఏం చేశారో నాకెవరూ చెప్పలేదు.

మరుసటేడు ఆ సినిమా మా పక్కూరి టెంటుకు వచ్చింది. అమ్మ అంతవరకు సినిమా చూసిన మనిషి కాదు. ఊరంతా బలవంతం చేస్తే మొదటి ఆటకు వచ్చి, ఇసుకలో నా పక్కన కూర్చుంది. తెరమీద నేను కనబడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాయన పోయాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

ఇంటర్వెల్ అయ్యాక తెర నిండా నా పటం. పటానికి పూలదండ, ముందర ఊదుబత్తీలు. టెంటులో ఒక్క ఈల లేదు. చీకట్లో అమ్మ చెయ్యి నా మొహమంతా తడిమింది. తర్వాత లేచి బయటికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను.

"యాలప్పా సంపినారు నిన్ను?"

"కతలో అట్ల ఉండాదిమా."

"మీ నాయనకు చెయ్యాల్సిందంతా చేసినావే! ఒక్కటీ తక్కువ చెయ్యకపోతివే! నీకేం పాపం తగిలిందప్పా?"

మీసం సంగతి చెబితే ఆ కర్మే నన్ను చంపిందనుకుంటుంది. ఇంటిదాకా ఆమె వెనకాలే నడిచాను.