తవ్వని దిబ్బ

దుఖాన్ నుంచి దోహా వెళ్ళే కంపెనీ బస్సులో నా పక్కన ఒక జపాన్ ఇంజనీరు కూర్చున్నాడు. పెద్దాయన. సైట్లలో నేర్చుకున్న హిందీలో నా పనేమిటని అడిగాడు. ప్రొక్లెయిన్ నడిపి పునాదులు తవ్వుతానన్నాను.

ఆయన ఫోన్ తీసి, చెట్లు కమ్మిన ఒక దిబ్బ ఫొటో చూపించాడు. "మా మొదటి చక్రవర్తి జిమ్ము సమాధి. రెండువేల ఆరువందల ఏళ్ళ నాటివాడంటారు. మా ఊరి పక్కనే."

"లోపల ఏమున్నది సార్?"

"తెలియదు. ఆయన అసలు పుట్టనే లేదు, అంతా కథే అనేవాళ్ళూ ఉన్నారు."

నాకు నవ్వొచ్చింది. "నా మిషన్‌తోని ఒక్క పూట పని సార్. తవ్వి సూస్తే తెలుస్తది గదా!"

ఆయనకు కోపం రాలేదు. "ఎవరూ తవ్వరు. లోపలికి కూడా పోరు. బయటి నుంచే ఇలా..." అంటూ ఫోన్‌ను సీటు మీద పెట్టి లేచాడు. ఊగుతున్న బస్సులో దేన్నీ పట్టుకోకుండా, ఆ ఫొటో ముందు నడుం దాకా వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

రోజూ డ్యూటీ ఎక్కేముందు మిషన్‌కు మొక్కడం నాకు అలవాటు. మర్నాడు అలాగే మొక్కి ఎక్కాను. మట్టిలోకి బకెట్ దించబోయి ఆగిపోయాను. కిందికి దిగి మట్టికి మొక్కాను.

ఇప్పటికీ ముందు మొక్కేది మట్టికే.