రెండో బండిలో రావాల్సిన పెట్టె

“సీసా మూత కూడా తియ్యలేదండీ. ఒక్క సంచిలో కాదు, ఓ నాలుగు తప్ప ఏ సంచి పట్టుకున్నా అదే. నేనేమో ఇన్నేళ్ళూ మావాళ్ళంతా గొంతుదాకా మందు పోసుకునే నీళ్ళలో దిగుతున్నారనుకున్నానండి.”

తులసి మాట్లాడుతూనే రేపటి టీకి అల్లం దంచుతోంది. ఎదురుగా పీట మీద మైత్రేయి కూర్చుంది. కైకలూరులో ఐసు ఫ్యాక్టరీ నుంచి బండ్లు పంపించేది ఆమే. తెల్లవారి చేపల పట్టుబడికి ఐసు ఎప్పుడు కావాలో అడిగి వెళదామని, మండవల్లి దాటాక చెరువు గట్టు మీదున్న ఈ ఇంటికి వచ్చింది. ఫోనులో అడిగితే సరిపోయేదే. కాని తులసి మాట మొదలుపెట్టాక మధ్యలో లేవడం మైత్రేయికి చేతకాదు.

పొద్దు వాలుతోంది. గాలి ఆడటం లేదు. అల్పపీడనమని టీవీలో చెప్పారు. చెరువు నీళ్ళు నూనె పోసినట్టు కదలకుండా ఉన్నాయి. అప్పుడప్పుడూ ఒక చేప పైకొచ్చి, నోరు తెరిచి, మళ్ళీ మునుగుతోంది.

పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ తులసి బతుకు ఈ గట్ల మీదే. భర్త వెంకట్రాజు వల లాగేవాళ్ళకు మేస్త్రి. వాళ్ళకు టీ కాచేదీ, అన్నం వండేదీ, నీళ్ళలో దిగేముందు వాళ్ళు విడిచిన పొడిబట్టల సంచులకు కాపలా ఉండేదీ ఆమె. దిగేముందు రెండు పనులు జరుగుతాయి. చెరువు రైతు ఫణికిరణ్ పంపిన మందు సీసాలు వెంకట్రాజు తలా ఒకటి పంచుతాడు. తర్వాత అందరినీ తాడు దగ్గర నిలబెట్టి పేరుపేరునా పిలుస్తాడు. పిలిచినవాడు “ఉన్నా” అనాలి. చేతిలో పట్టు ఎంత ఉందో గొంతులో తెలుస్తుందని పాతవాళ్ళు పెట్టిన పద్ధతి. ఒకప్పుడు ఆ మాట గట్టిగా రాకపోతే వల కదిలేది కాదు. సీసాలు మొదలయ్యాక ఆ పిలుపు మొక్కుబడిగా మిగిలింది.

పోయిన ఏడాది ఇదే చెరువులో బెంజమిన్ పోయాడు. అవతలి గట్టున ఒకడు మత్తులో తాడు వదిలేశాడు. వల వెనక్కి తిరిగి బెంజమిన్ కాళ్ళకు చుట్టుకుంది. ఊరు మాత్రం బెంజమినే తాగి దిగాడంది.

“ఆవేళ వాన పడుతుంటే సంచులన్నీ టార్పాలిన్ కిందికి జరిపానండి. గలగలమన్నాయి. అప్పుడు చూశాను. బెంజమిన్ సంచి వాళ్ళావిడ చేతికిస్తే, దాంట్లోనూ సీసా. సీలు కూడా ఊడలేదు.”

“మరి తీసుకోవడం ఎందుకు, తులసక్కా?”

“టీ ఇస్తూ ఒక్కొక్కళ్ళనే అడిగానండి. ‘అందరూ తాగుతుంటే నేనొక్కణ్ణే వద్దంటే, నువ్వు మగాడివేనా అంటారు వదినా’ అన్నాడు జేమ్స్. పక్కవాణ్ణి అడిగితే వాడిదీ అదే మాట. తాగేది నలుగురేనండి. ఆ నలుగురి గోలలో మిగతావాళ్ళు వినబడరు. తాగినవాణ్ణి తిట్టడానికి ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు. తాగనివాడి భుజం తట్టినవాడు ఒక్కడూ లేడు.”

ఇంతలో వెంకట్రాజు వల భుజానేసుకుని వచ్చాడు.

“ఏంటే, ఐసుకి టైం చెప్పమంటే మేడంగారికి హరికథ ఎత్తుకున్నావా?”

“వినేవాళ్ళకి చెబుతున్నాను. మీరెలాగూ వినరుగా.”

అతను మైత్రేయి వైపు తిరిగాడు. “మేడం, ఫణికిరణ్ గారు సీసాల పెట్టె మీ ఫ్యాక్టరీకి పంపేశారంటండి. ఎప్పట్లాగే ఐసు బండిలో వేసేయండి. సీసా కనబడకపోతే ఒక్కడూ దిగడు. ఈ మబ్బుకి రేపు పట్టకపోతే చేప గాలందక చచ్చి తేలుతుంది. రైతు ఊరుకుంటాడా? ఇంకో మేస్త్రిని పిలుస్తాడు.”

“దిగుతారు. బెంజమిన్ సంచిలో…”

“ఆ మాట ఎత్తకు.”

వల గుంజ మీద పడేసి, చెరువు వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సీసా బెంజమిన్ చేతిలో పెట్టింది తనే.

మైత్రేయి గొంతు తగ్గించింది. “రేపు అవతలి గట్టున తాడు ఎవరిది?”

తులసి చేతిలో పచ్చడిబండ ఆగింది. “పోయినేడు వదిలినవాడిదేనండి. మందు పడకపోతే తాడు పట్టడంలో వాణ్ణి మించినవాడు లేడు.”

“మరి బెంజమిన్ చోట?”

“ఈయన.”

చెరువులో మళ్ళీ ఒక చేప నోరు తెరిచింది. ఇంకొంచెం అవతల ఇంకోటి. మైత్రేయి లేచి స్కూటీ దగ్గరికి నడిచింది. తులసి వెనకే వచ్చి, అల్లం చేత్తోనే హ్యాండిల్ పట్టుకుంది.

“పెట్టె ఆపెయ్యమని అడగనండి. ఆపితే ఫణికిరణ్ గారు మీ మీదికొస్తారు. ఐసు ముందు పంపించండి, పెట్టె మటుకు రెండో బండిలో వెయ్యండి. అది వచ్చేలోగా ఈయన చేత పిలుపు పిలిపిస్తాను. సీసా కోసం కూర్చునేదెవరో, సీసా లేకుండానే దిగేదెవరో ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. ఆ కాసేపు చాలండి నాకు. మైత్రేయమ్మా, ఆ రెండో బండి డ్రైవరుకి చెప్పండి, గట్టు మీద కాస్త నెమ్మదిగా రమ్మని.”