ఎవలున్నరు లోపల?

ఫాక్‌లాండ్ రోడ్డు మీంచి పక్క గల్లీలోకి తిరిగితే వచ్చే, గదికో కూలి కుటుంబం ఉండే మూడంతస్తుల చాల్‌లో రాజవ్వ నోట పడని మనిషి లేడు. నల్లా దగ్గర వరస తప్పి బిందె జరిపేవాళ్లు, ఇంటికి చుట్టం రాగానే మరాఠీలోకి దిగిపోయేవాళ్లు, అందరినీ ఆమె పై అంతస్తు గ్యాలరీలో కాళ్లు చాపుకుని కూర్చుని కడిగేసేది. కానీ శంకర్రావును ఈసడించినంత శ్రద్ధగా ఇంకెవరినీ ఈసడించలేదు. ఆ శ్రద్ధకు ఆయన అన్ని విధాలా తగినవాడు.

రాజవ్వ తొమ్మిదో ఏట పాలమూరు జిల్లా నుంచి తల్లి కొంగు పట్టుకుని బొంబాయి వచ్చింది. నలభై ఏళ్లు నెత్తి మీద సిమెంటు మాలు నిండిన ఇనప గమేలా తట్ట మోసింది. మోకాళ్లు మొరాయించాక, కూలికి వెళ్లే తల్లులు తమ పిల్లల్ని ఆమె దగ్గర వదలడం మొదలుపెట్టారు. పది పన్నెండు మందికి తక్కువ ఉండరు. ఆ పిల్లలకు చెట్టంటే తెలియదు. కాకి తెలుసు, బల్లి తెలుసు, గ్రాంట్ రోడ్ స్టేషన్ మీద తిరిగే గద్ద తెలుసు. రాజవ్వకు అక్షరం రాదు. నేల చదును చేయడానికి దిమ్మిస కొట్టేటప్పుడు ఆడకూలీలు ఒకరు అడిగితే ఒకరు బదులిస్తూ పాడే పద్ధతి మాత్రం వచ్చు. ఆ పద్ధతిలోనే కాకికి ఒకటి, బల్లికి ఒకటి, మోరీలోని పందికొక్కుకు ఒకటి, పదాలు కట్టి పాడించేది. ఏ జీవానికి పదం కట్టినా ముందు వారం రోజులు దాన్ని చూడమనేది. చూడకుండా పాడితే వీపు మీద ఒక్కటిచ్చేది.

అన్నిట్లోకి పిల్లలకు ఇష్టమైంది పిచ్చుక పదం. అది రాజవ్వ కట్టింది కాదు, పనిలో పుట్టింది. గోడకు పరంజా కట్టినప్పుడు కర్రలు దూర్చిన చోట కంతలు మిగిలిపోతాయి. పని అయ్యాక వాటిని మూసేయాలి. ఈలోగా పిచ్చుకలు గూళ్లు పెడతాయి. పాలమూరు కూలీలు కంత మూసేముందు చెయ్యి పెట్టి వెతకరు. చెయ్యి తగిలితే తల్లి మళ్లీ రాదని వాళ్ల నమ్మకం. కంతకు నోరానించి ఎవలున్నరు లోపల అని మూడుసార్లు అడుగుతారు. లోపల పిల్లలుంటే తల్లి వచ్చిందనుకుని కిచకిచమంటాయి. అలా కిచకిచమంటే, రెక్కలొచ్చే దాకా ఆ కంత జోలికి పోరు.

ఆ ఏడు, ఎనభై మూడులో, వానలకు ముందు చాల్‌కు మరమ్మతులు జరిగాయి. రాజవ్వ గ్యాలరీ పక్కన, కటకటాల మీంచి వంగితే చెయ్యందే దూరంలో ఒక కంత మిగిలింది. మిగతావి మూసిన తాపీపనివాడు యాదయ్య దాన్ని వదిలేశాడు. రాజవ్వ దగ్గరి పిల్లల్లో ఎనిమిదేళ్ల మంగళ చేతిఅద్దంతో వెలుగు పడేసి మూడు పిల్లలని తేల్చింది. ఆ రోజు నుంచి పొద్దున్నే అదే పాట.

"ఎవలున్నరు లోపల?"

"పిట్టమ్మ ఉన్నది!"

"ఏం దెచ్చె నోట్ల?"

"పురుగొకటి దెచ్చె!"

"ఎందరమ్మా పిల్లలు?"

"ముగ్గురూ ముగ్గురే!"

"రెక్కలొచ్చెనా మరి?"

"రాలే, ఆగు!"

ఆ 'ఆగు' దగ్గర పిల్లలు వేసే కేక వీధి చివరి ఇరానీ హోటల్ దాకా వినిపించేది. రెక్కలొచ్చి ఎగిరే రోజు అందరికీ చూపిస్తానని రాజవ్వ మాటిచ్చింది. ఆ మనిషి మాటివ్వడం అరుదు.

సరిగ్గా అప్పుడే దాదర్ నుంచి శంకర్రావు దిగాడు. ఆయన వనవాణి బాలకవితా సమితి పెట్టాడు. దానికి కార్యదర్శి ఆయన, అధ్యక్షుడు ఆయన తోడల్లుడు, సభ్యులు ఇంకా చేరవలసి ఉంది. చాల్ పిల్లలకు కవిత్వం ద్వారా ప్రకృతిని పరిచయం చేయాలని ఆయనకు తోచింది. మేలు చేయాలని తోచినప్పుడు అవతలివాళ్లను అడిగే అలవాటు ఆయనకు లేదు. సొంత కవిత అచ్చేయించి తెచ్చి, గ్యాలరీలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చదివాడు.

"హిమశిఖరముల నీడ హరిణములు ఆడె, వికచ కమలముల నడుమ మయూరి పాడె."

"నీళ్లల్ల నిలబడి పాడెనా సారూ, నెమలి?" అంది రాజవ్వ.

"అది కవిసమయం అమ్మా. నీకు తెలీదు."

"సమయం సంగతి నాకెర్కలేదు. మా తాత జొన్నచేన్ల నెమళ్లు పడుతుండె. కంకులన్నీ తినిపోతుండె. అది అరిస్తె చెవులు గడియలు పడ్తయ్. పాడుడెక్కడిది?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. మంగళ చేతిలోని కాగితం తిప్పి చూసి, "అవ్వా, హరిణం అంటే క్యా?" అంది.

"సారునడుగు. సారింట్ల కట్టేసుకున్నడేమో."

శంకర్రావు నొచ్చుకున్నాడు. పిల్లలు పిచ్చుక పాట పాడి వినిపిస్తే మరీ నొచ్చుకున్నాడు. "ఇది కూలివాళ్ల కేక. దీంట్లో భావుకత ఏది?" అన్నాడు. ఆదివారం పొద్దున చాల్ వాకిట్లో సభ, ముఖ్య అతిథి వస్తారు, ఫొటోగ్రాఫరు వస్తాడు, మంగళను చూపించి, ఈ పిల్ల తన కవిత చదవాలి అని తేల్చేశాడు. వేదిక ఎక్కడ వేయాలో చూసుకుంటూ తల పైకెత్తాడు. కంత కనిపించింది. కంత కింద గోడ మీద పిచ్చుక రెట్ట చార కూడా కనిపించింది.

"బ్యానరు మీద పడుతుంది. దాన్ని మూయించాలి."

"పిల్లలున్నయ్ సారూ. పది దినాలు ఆగితే ఎగిరిపోతయ్."

"సరేలే అమ్మా, చూద్దాం," అన్నాడు. కిందికి దిగి తిన్నగా మరమ్మతుల కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు.

ఆదివారం పొద్దున రాజవ్వ తన ఒంటిగది ఖోలీలో మంగళకు జడ వేస్తుండగా కాంట్రాక్టరు యాదయ్యను గ్యాలరీలోకి తరిమాడు. కంత మూయకపోతే రేపటి నుంచి పనికి రావద్దన్నాడు. యాదయ్య తాపీ పట్టుకుని కూడా పద్ధతి తప్పలేదు. కటకటాల మీంచి వంగి అడిగాడు. "ఎవలున్నరు లోపల?" కింద శంకర్రావు మైకు పట్టుకుని, "హలో, హలో, వనవాణి, హలో" అంటున్నాడు. యాదయ్య రెండోసారి అడిగాడు. "హలో, వినిపిస్తోందా?" మూడోసారీ అడిగాడు. శంకర్రావు గొంతు తప్ప మరేమీ వినబడలేదు. పిల్లలు ఎగిరిపోయాయనుకున్నాడు యాదయ్య. మాలు కొట్టి, నున్నగా రుద్ది, చెయ్యి కడుక్కున్నాడు.

సభ మొదలైంది. శంకర్రావు ప్రకృతిని ప్రేమించాలని అరగంట మాట్లాడాడు. ముఖ్య అతిథి మెడలో దండ బరువుకు కునికాడు. తర్వాత మంగళ మైకు ముందుకొచ్చింది. "హిమశిఖరముల నీడ" అని మొదలుపెట్టి, ఎందుకో తలెత్తింది. పిచ్చుక ముక్కున పురుగు కరుచుకుని తడి మాలు మీద వాలుతోంది, జారుతోంది, మళ్లీ వాలుతోంది.

మంగళ నోట మయూరి రాలేదు. కాగితం కింద పడేసి, మైకులోనే గట్టిగా అడిగింది.

"ఎవలున్నరు లోపల?"

మూడంతస్తుల గ్యాలరీల నుంచి పిల్లలు అందుకున్నారు. "పిట్టమ్మ ఉన్నది!"

"ఆపు! ఆపమ్మా!" అంటూ శంకర్రావు మైకు లాక్కోబోయాడు.

రాజవ్వ కటకటాలు పట్టుకుని లేచి చూసింది. ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "యాదిగా! అడిగినావురా?"

"అడిగిన పెద్దవ్వా! మూడుసార్లడిగిన! ఆయన మైకుల ఏం వినబడలే!"

"తోడు మరి! ఏం జూస్తున్నవ్?"

కాంట్రాక్టరు కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు. యాదయ్య మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, కటకటాల మీద పొట్ట ఆనించి వంగి, తాపీతో తడి మాలు గోకాడు. ముద్దలు ముద్దలుగా బ్యానరు మీద పడింది. ఒక ముద్ద శంకర్రావు పట్టు కండువా మీద పడింది. ఫొటోగ్రాఫరు ఫొటో తీసింది అప్పుడే. కంత తెరుచుకుంది. మైకులో హలో అనేవాడు లేడు గనక కిచకిచ వినిపించింది.

"ముఖ్య అతిథి ముందు ఇదేం అనాగరికం?" అన్నాడు శంకర్రావు కండువా దులుపుకుంటూ. "పక్షుల మీద ఇంత మంచి కవిత..."

"సారూ," అంది రాజవ్వ పైనుంచి, "అదేందో మీ కాగితాలు ఇంకున్నయా? ఉంటె ఇచ్చిపోండ్రి. కంత కింద పరుస్త. రెట్ట గోడకంటకుంట ఉంటది."

ముఖ్య అతిథి టాక్సీ ఎక్కాడు. వెనక తోడల్లుడు, ఆయన వెనక కార్యదర్శి. సమితి మొత్తం ఒక్క టాక్సీలో పట్టింది.

మధ్యాహ్నం మంగళ అద్దం పట్టుకుని చూసింది, చాలాసేపు చూసింది. అద్దం బోర్లించి పక్కన పెట్టింది. మర్నాడు పొద్దున పాట మొదలైంది. పురుగు దాకా బాగానే నడిచింది.

"ఎందరమ్మా పిల్లలు?"

"ముగ్గురూ ముగ్గురే!"

రాజవ్వ మంగళ వీపు మీద ఒక్కటిచ్చింది. "చూసి పాడు. చూడకుంట పాడెటోడు నిన్ననే టాక్సీ ఎక్కిండు."

మంగళ ముక్కు ఎగబీల్చి మళ్లీ పాడింది.

"ఇద్దరూ ఇద్దరే."

"రెక్కలొచ్చెనా మరి?" అంది రాజవ్వ.