అత్తయ్య చెడగొట్టిన థీసిస్

మా మేనత్త పోయింది. అవనిగడ్డ నుంచి మొదటి బస్సుకు వచ్చిన వాళ్ళ పక్కింటాయన బందరు ఆస్పత్రి వరండాలో నిలబడి, “అత్తయ్యగారు తెల్లారగట్ల పోయారండి” అన్నాడు. నాకు ఏడుపు కంటే ముందు విసుగొచ్చింది. పది రోజులుగా జ్వరమట. మేనకోడలు డాక్టరై ఇంత దగ్గర్లో ఉంటే, కబురు చేయనివ్వలేదట. “దానికి బోలెడు పనులుంటాయి, ఊరుకోండి” అందట. ఎవరి మాటా వినని మనిషి చివరికి జబ్బు మాట కూడా వినలేదు.

ఆమె గురించి మంచి మాటలే రాయాలని కూర్చున్నాను. రాస్తుంటే విసుగే ముందుకొస్తోంది. పాఠకులు క్షమించాలి.

నేను ఎం.డి. చదివే రోజుల్లో థీసిస్ రాయక తప్పేది కాదు. అది ఒప్పుకుంటే గాని పరీక్షకు కూర్చోనివ్వరు. పొద్దస్తమానం కాన్పులు చేసేవాళ్ళకి ఈ రాతకోతలెందుకని గొణుక్కుంటూనే, గర్భిణుల్లో రక్తహీనత మీద మొదలుపెట్టాను. దివిసీమలో ఆ జబ్బుకు కొదవ లేదు, ఉండటానికి అత్తయ్య ఇల్లుంది.

పద్ధతి తేలికైనదే. రక్తం బాగా తక్కువున్న వాళ్ళందరికీ వెంటనే వైద్యం. కొంచెం తక్కువున్న వాళ్ళను మాత్రం రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఇనుము మాత్రలు, రెండో గుంపుకు చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు ఇవ్వాలి. అప్పుడే మందు పనిచేసిందో లేదో తేలుతుంది. నేను నెలకోసారి వెళ్ళి వేలు గుచ్చి రక్తం చూసేదాన్ని. వారం వారం మాత్రలు పంచే పని అత్తయ్య తీసుకుంది. తీసుకోవడమేమిటి, లాక్కుంది.

ఆమెతో పనిచేయడం ఒక శిక్ష. నేను ఆడవాళ్ళను అడిగే ప్రశ్నలన్నిటికీ తనే జవాబు చెప్పేది. “ఎన్నో నెలమ్మా?” అంటే, “అయిదు వెళ్ళి ఆరు” అనేది. “ఆకలేస్తోందా?” అంటే, “వేస్తే మాత్రం దీనికెవరు పెడతారే? అత్తగారు తిననిస్తుందా?” అనేది. ఆ అత్తగారు పక్కనే కూర్చుని ఉండేది.

“రెండు డబ్బాలెందుకే?” అని అత్తయ్య మొదటి రోజే అడిగింది. ఆ ఆడవాళ్ళెవరికీ చెప్పనిది ఆమెకు వివరంగా చెప్పాను. అంతా విని, “ఊఁ” అంది. అత్తయ్య “ఊఁ” అంటే ఒప్పుకున్నట్టు కాదని చిన్నప్పటి నుంచీ తెలిసినదాన్నే.

కాన్పుల ముందు చివరిసారి రక్తం చూస్తే రెండు గుంపులకూ సమానంగా పెరిగింది. రక్తం కొలిచే గాజు గొట్టం పాడైందేమోనని మార్చి చూశాను. అదే లెక్క. గైడు గారు కాగితాలు తిరగేసి కళ్ళజోడు తీశారు.

“ఏమ్మా, ఉత్తుత్తి మాత్రలతో రక్తం పట్టించావా? ఈ సంగతి ప్రపంచానికి చెప్పాల్సిందే.”

ఆ సాయంత్రమే బయల్దేరి అవనిగడ్డలో దిగాను. అత్తయ్య వంటింట్లో గోంగూర వలుస్తోంది.

“అత్తయ్యా, మాత్రలు ఎవరివి వాళ్ళకే ఇచ్చావా?”

“రెండు డబ్బాలూ ఒక గిన్నెలో పోసి కలిపేశాను” అంది, తలెత్తకుండా. “అందరికీ దోసెడు దోసెడు.”

“ఎందుకు?”

“ఎదురింటి తోడికోడళ్ళిద్దరూ ఒకే పూట వచ్చి చెయ్యి చాపేవాళ్ళు. ఒకదానికి మందు, ఒకదానికి సుద్దముక్కా? ఒకే బంతిలో కూర్చోబెట్టి ఒకరికి నెయ్యీ ఒకరికి నీళ్ళూ పోస్తామా?”

“అది వడ్డన కాదు అత్తయ్యా, శాస్త్రం. తేడా తెలియాలంటే…”

“నీకు తేడా కావాలి. వాళ్ళకెందుకే తేడా?”

“నన్నొక్క మాట అడగొచ్చుగా!”

“అడిగితే వద్దంటావు. అందుకే అడగలేదు.”

నేను నానా మాటలూ అన్నాను. ఆ మందు పనిచేస్తుందని రుజువైతే ఎన్ని ఊళ్ళకు తెప్పించుకోవచ్చో చెప్పాను. నా చదువు బుగ్గిపాలైందన్నాను. అన్నీ విని, “అన్నం తిని తిట్టు. నీరసంగా ఉన్నావు” అంది.

ఆ ఏడు పరీక్ష పోయింది. ఈసారి ఎవరి చేతికీ ఏమీ ఇవ్వకుండా, కాలేజీ ఆస్పత్రిలోని పాత కేసు షీట్లు ముందేసుకుని ఇంకో థీసిస్ రాశాను. ఒప్పుకున్నారు. అట్ట కట్టించి లైబ్రరీలో పెట్టారు. దాన్ని ఎవరైనా తెరిచారని నాకు నమ్మకం లేదు.

అవనిగడ్డలో నేను పేర్లు రాసుకున్న ఆడవాళ్ళందరూ సుఖంగా ప్రసవించారు. అది మాత్రల వల్లో, అత్తయ్య వాళ్ళ అత్తగార్లను ఇంటింటికీ వెళ్ళి దులిపేయడం వల్లో, శాస్త్రం తెలిసినదాన్నిగా నేను చెప్పలేను. చెప్పే వీలు ఆమే లేకుండా చేసింది. చేసింది తప్పేనని ఆమె బతికుండగా చాలాసార్లు అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ ఆస్పత్రిలో కొత్త పద్ధతేదైనా మొదలుపెట్టేటప్పుడు, అవతల కూర్చున్న మనిషికి అన్నీ విడమరిచి చెప్పి, సరేనన్నాకే పేరు రాసుకునే అలవాటు నాకు ఎవరి వల్ల వచ్చిందో మా వార్డులో ఎవరికీ తెలియదు.

పాసయ్యానని తెలిసిన రోజు ఆమెకు చెబుదామని వెళ్ళాను. డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో గుమ్మడి వడియాలు పెడుతోంది.

“అత్తయ్యా, ఎం.డి. పాసయ్యాను.”

“పాసవ్వకేం చేస్తావు! అదిగో, ఆ కాకిని తోలు” అని కర్ర నా చేతికిచ్చి, నడుం వాల్చడానికి కిందికి వెళ్ళింది. కాసేపటికి వీధి గుమ్మంలో ఆమె గొంతు వినిపించింది. “మా అమ్మాయి పెద్ద డాక్టరైంది, తెలుసా? ఇప్పుడు కలవడానికి వీల్లేదు, పనిలో ఉంది” అని ఎవరితోనో చెబుతోంది. కొంగు నెత్తిన కప్పుకుని, పొద్దు వాలేదాకా ఆ డాబా మీద కాకుల్ని తోలుతూ కూర్చున్నాను.