బండి వెనక సీటు అమ్మది

దయ్యాలనూ దేవతలనూ నమ్మే అలవాటు నాకు లేదు. కోయంబత్తూరులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. కరెంటు కంటికి కనబడదు. అయినా ఉందని ఒప్పుకుంటాను, ఎందుకంటే టెస్టర్ పెడితే వెలుగుతుంది. టెస్టర్ వెలగనిదాన్ని గురించి నాతో మాట్లాడొద్దని ఇంట్లో అందరికీ ఎప్పుడో చెప్పేశాను. ఇప్పుడు నేను రాస్తున్నది చదివి మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీండి.

పోయిన ఏడాది మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. మేము తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్ళం. మా వంశంలో పెళ్ళికి ముందు ఇంటి దేవతకు చీర పెట్టాలి. ఆమె ఎన్నో తరాల కిందట మా ఇంట్లోనే పుట్టి, పెళ్ళి కాకుండానే పోయిన పిల్ల అంటారు. చిన్న పిల్లే అయినా అందరూ అమ్మ అనే పిలుస్తారు. ఆమె చీరల పెట్టె చిన్నమనూరులో మా పెద్దమ్మ దగ్గర ఉంది. కొత్త చీర అందులో పెట్టి, పాతది తీసి ఇంటి ఆడబిడ్డకు ఇస్తారు. ఇంతవరకు నాకే అభ్యంతరమూ లేదు. అయితే చీర తీసుకుపోయేవాడు తన పక్కన ఒక చోటు ఖాళీగా ఉంచాలట. చీరతోపాటు ఆమె కూడా ప్రయాణం చేస్తుందట.

ఎడ్లబండ్ల కాలంలో ఇది పెద్ద కష్టం కాకపోవచ్చు. బస్సులు వచ్చాకే చిక్కొచ్చి పడింది. మా చిన్నాన్న పెళ్ళప్పుడు మా అమ్మ రెండు టికెట్లు కొని, ఆ ఖాళీ సీటు కోసం బస్సంతటితో పోట్లాడింది. ఒక పెద్దాయన ఎవరు రావాలమ్మా అని మర్యాదగానే అడిగాడు. వచ్చేసింది, కూర్చునే ఉంది అని చెప్పింది అమ్మ. పాపం, ఆయన మదురై దాకా నిలబడే ఉన్నాడు.

ఆ పరువు తక్కువ పని నావల్ల కాదన్నాను. కారు మా అబ్బాయి పెళ్ళిపత్రికలు పంచడానికి తీసుకుపోయాడు. మిగిలింది నా పాత మోటార్‌సైకిల్. చీర ఉన్న సంచిని మెడలో వేసుకొని బయల్దేరాను.

"వెనక సీటు అమ్మది. దాని మీద ఏమీ పెట్టొద్దు రా సామీ," అని మా అమ్మ గేటు దాకా వచ్చి చెప్పింది.

పల్లడం చేరకముందే పంక్చర్. పంక్చర్ వేసే అతను టైరులోంచి మేకు పీకి, దాన్ని నేనే తయారుచేసి రోడ్డు మీద వేసినట్టు నా ముఖం ముందు ఆడించాడు. తారాపురం దగ్గర టీకి ఆగితే, హ్యాండిల్‌కు కట్టుకున్న మల్లెపూల పొట్లాన్ని మేక తినేసింది. నష్టపోయింది నేను. కానీ మేక తాలూకు మనిషి వచ్చి, పూలకు మందు కొట్టి ఉంటే నా మేక గతేమిటని నన్నే నిలదీశాడు. ఆ మేక అతని వెనకే నిలబడి పొట్లం కట్టిన ఆకు కూడా నములుతూ ఉంది. తర్వాత ఫోన్‌లోని మ్యాప్ దగ్గర దారి అని చెప్పి ఒక కోళ్ళఫారం లోపలికి తీసుకుపోయింది. దేవతను వెంటబెట్టుకొని వెళ్తే ప్రయాణం ఇలా ఉంటే, ఇక వట్టి మనుషుల గతేమిటో అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఒట్టన్‌చత్రం చేరాను. అక్కడ మా అక్క ఉంది. మా తరంలో ఇంటికి ఉన్న ఒకే ఒక ఆడబిడ్డ. మునగకాయల మండీ నడిపే తమిళాయన్ని, మా కులం కాని ఆయన్ని ఇష్టపడి చేసుకుంది. మా బావ బంగారం లాంటి మనిషి. అయినా అప్పటినుంచి, ఇరవై ఏళ్ళకు పైగా, పెద్దమ్మ అక్కను గడప తొక్కనివ్వలేదు. ప్రతి పెళ్ళికీ పెట్టెలోంచి పాత చీర తీయడం, ఇవ్వడానికి ఆడబిడ్డే లేదన్నట్టు మళ్ళీ అదే పెట్టెలో అడుగున దాచడం. అక్క బతికుండగానే! నేనూ మా అమ్మా ఎన్నిసార్లు గొడవపడ్డామో లెక్క లేదు. పెద్దమ్మ అంతా విని, సాపాడు తిని పో రా అంటుంది.

అక్క కాఫీ ఇచ్చి, చేతులు కడుక్కొని వచ్చి, సంచిలోంచి చీర కొంచెం బయటికి లాగి చూసింది.

"రంగు బాగుండాది రా," అంది. మేనకోడలి పెళ్ళికి పెట్టే చీరను దొంగచాటుగా చూసుకున్నట్టు చూసుకొని మళ్ళీ సంచిలో పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

బయటికి వచ్చి బండి స్టార్ట్ చేస్తే కాలేదు. సెల్ఫ్ నొక్కాను, కిక్ కొట్టాను. ప్లగ్గు విప్పి చూశాను, స్పార్క్ వస్తోంది. పెట్రోలు ఉంది. నా పనే ఇది, పది మంది చెప్పనక్కర్లేదు. కానీ ఆ వీధిలో పది మందీ వచ్చి చెప్పారు. ఒకాయన బండిని పక్కకు పడుకోబెట్టి లేపమన్నాడు. సిగ్గు విడిచి అదీ చేశాను.

అక్క తోద్దామని వచ్చి వెనక సీటు మీద చెయ్యి పెట్టింది. నేను కిక్ కొట్టాను. స్టార్ట్ అయింది. ఆమె చెయ్యి తీసింది. ఆగిపోయింది. మళ్ళీ పెట్టమన్నాను. అయింది. తీయమన్నాను. ఆగింది. ఎక్కడో వైరు లూజుగా ఉండి కదులుతోందని సీటు ఊపి చూశాను, గుద్ది చూశాను. నా చేతికి అది పలకలేదు.

నా కోపం అప్పుడు తలకెక్కింది.

"ఎక్కక్కా," అన్నాను.

"అది అమ్మ సీటు కదరా."

"అమ్మ వేరే బండి చూసుకుంటాది. నువ్వు ఎక్కు."

"పెద్దమ్మ వాకిట్లోనే తరిమేస్తాది రా."

"తరమనీ. ఇద్దరినీ కలిపి తరమనీ. ఇంక ఈ చీర నువ్వు లేకుండా ఆ ఇంటికి పోయేది లేదు."

అక్క ఇంట్లోకి పోయింది. తర్వాత బావ హెల్మెట్ తెచ్చుకొని ఎక్కింది. అక్కడినుంచి ఆ బండి కొత్తదానిలా పోయింది.

వత్తలగుండు దాటాక ఒక చోట వాహనాలు ఆపుతున్నారు. కానిస్టేబుల్ మమ్మల్ని పక్కకు తీయించి "మూణు పేరా?" అన్నాడు. ముగ్గురం కాదు, ఇద్దరమే కదా అన్నాను. ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. దూరంనుంచి తానే చూశాడట. మా ఇద్దరి నడుమ లంగా ఓణీ కట్టుకున్న పిల్ల, హెల్మెట్ లేకుండా కూర్చుని ఉందట. తనిఖీ చూసి ముందే దింపేశామట. ఆడపిల్లను ఎండలో రోడ్డున వదిలేసి రావడానికి సిగ్గు లేదా అని అందరి ముందూ తిట్టాడు. పిల్లెక్కడో చూపించండని నేనూ అరిచాను. ఆయన నిజంగానే వెనక్కి నడిచి వెళ్ళి వెతికాడు. అటూ ఇటూ వరి మళ్ళు, దాక్కోవడానికి చెట్టు కూడా లేదు. తిరిగి వచ్చి, నా ముఖమూ అక్క ముఖమూ చూసి, పొమ్మన్నాడు. చెయ్యని తప్పుకు తిట్లు తిన్నందుకు నేను తేని దాకా గొణుగుతూనే ఉన్నాను.

చిన్నమనూరులో పెద్దమ్మ చీరను ఎదుర్కోవడానికి హారతి పళ్ళెంతో వాకిట్లో ఉంది. అక్క వస్తున్నట్టు నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. అక్కను చూడగానే పెద్దమ్మ ముఖం గట్టిపడింది. నేను ఏమేం అనాలో దారంతా సిద్ధం చేసుకొని వచ్చాను, నోరు తెరవబోయాను.

పెద్దమ్మ చూపు అక్క ముఖం మీదనుంచి కిందికి, పక్కకు జరిగింది. అక్కడే ఆగిపోయింది. పళ్ళెంలో కర్పూరం ఆరిపోయేదాకా అలాగే చూస్తూ ఉంది. అక్క ఒక చేతిలో హెల్మెట్ ఉంది. రెండో చెయ్యి ఖాళీగా, ఒంటికి కొంచెం ఎడంగా ఉంది.

"చెయ్యి పట్టుకొని పిలుచుకొని వచ్చుండాది. వద్దనేదానికి నేనెవురు," అంది పెద్దమ్మ. "లోపలికి రామ్మా."

పెట్టె తెరిచి పాత చీర ఒక్కటి కాదు, అడుగున దాచినవన్నీ తీసి అక్క ఒళ్ళో పోసింది. అక్క వాటిలో ముఖం పెట్టుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

మర్నాడు పొద్దున అడిగాను, చెయ్యి పట్టుకొని వచ్చింది ఎవరు పెద్దమ్మా అని.

"నేను అట్లా చెప్పలేదే," అంది. "వయసాయె, నోట్లో ఏమి వచ్చెనో. కాఫీ తాగు."

చెప్పింది. నేను విన్నాను, అక్క విన్నది. ఇంటికి వచ్చాక బండిని నట్టు నట్టు విప్పి చూశాను. వైర్లన్నీ బాగానే ఉన్నాయి. ఆ కానిస్టేబుల్‌కు మేమెవరో, మా ఇంటి సంగతులేమిటో తెలిసే దారే లేదు.

నాకు ఉన్నదల్లా కోపమే. ఆ పిల్ల ఉన్నదే నిజమైతే, తన పెట్టెలోనే అక్క చీరలు అన్నేళ్ళు పేరుకుపోతుంటే ఎందుకు ఊరుకుంది? ఈ మాట చిన్నమనూరులో ఆ పెట్టె ముందు నిలబడి గట్టిగానే అడిగి వచ్చాను. లేదనుకుంటే, నా వల్లా మా అమ్మ వల్లా కానిది, పెద్దమ్మ చేత ఆ రోజు లోపలికి రమ్మనిపించింది ఎవరో నాకు తెలియదు.